నా ముందు నడిచిన తోడికోడలు

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. ఎవరైనా అలాంటి కబురు మొదలుపెట్టగానే "ఎక్కడ చూశారు, పక్కన ఎవరున్నారు, ఫోటో తీశారా" అని అడిగి వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లే రకం నేను. ఇక్కడ మెల్‌బోర్న్ శివార్లలో, క్రాన్‌బర్న్‌లో మనవాళ్ళ ఇళ్ళల్లో నలుగురం చేరినప్పుడు, భోజనాలయ్యాక ఎవరో ఒకరు తప్పకుండా వాళ్ళ మేనత్తకి కనిపించిన ఆడమనిషి కథ ఎత్తుకుంటారు. నేను లేచి వెళ్ళి గిన్నెలు కడుగుతాను.

కాబట్టి ఇప్పుడు నేను చెప్పేది విని మీరు లేచి వెళ్ళి గిన్నెలు కడుక్కున్నా నేనేమీ అనుకోను.

నేను సర్వేయర్ని. ఏ కంచె ఎక్కడ ఉండాలి, ఎవరి స్థలం ఎక్కడ ఆగిపోతుంది అని కొలిచి తేల్చడం నా పని. కాకినాడలో చదువుకున్నాను, పెళ్ళయి మెల్‌బోర్న్ వచ్చాను, అప్పటి నుంచి ఇదే పని. కళ్ళతో చూసినదాన్ని కూడా రెండోసారి కొలిస్తే గాని నమ్మను. మా ఇంట్లో కర్టెన్ కడ్డీ వంకరగా ఉందని బిల్డర్‌ని మళ్ళీ పిలిపించిన మనిషిని.

ఈ సంగతి చెప్పాలంటే ముందు లహరి గురించి చెప్పాలి. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది గాని, తప్పదు.

లహరి నా తోడికోడలు. మా మరిది సుధీర్ భార్య. మా ఆయన ప్రసాద్, సుధీర్ ఇద్దరూ సాఫ్ట్‌వేర్ వాళ్ళు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక చిన్న పార్కు అడ్డం, అంతే. లహరి పెళ్ళయి ఇక్కడికి వచ్చిన కొత్తలో సివిల్ ఇంజనీరింగ్ డిగ్రీ బీరువాలో పెట్టుకుని ఇంట్లో కూర్చుని ఉండేది. అయ్యో పాపం అనిపించింది. మా బాస్ గ్రాహంతో మాట్లాడి మా ఆఫీసులోనే ఉద్యోగం వేయించాను. చేతులారా చేసుకున్నాను, ఎవరిని అనుకుని ఏం లాభం?

అన్నీ నేనే నేర్పాను. ట్రైపాడ్ ఎలా నిలబెట్టాలి, పాము కరిస్తే కట్టు ఎలా కట్టాలి, జలగ పట్టుకుంటే గోలచెయ్యకుండా ఎలా తియ్యాలి, అన్నీ. వాటన్నిటికంటే ముఖ్యంగా ఒక సంగతి నేర్పాను. మన ఆంధ్రాలో కంపాస్ ముల్లు చూపించే ఉత్తరం, అసలు ఉత్తరం దాదాపు ఒకటే. తేడా పట్టించుకోనక్కర్లేనంత చిన్నది. అందుకే అక్కడ చదువుకున్నవాళ్ళకి ఆ లెక్క చేతికి అలవాటు కాదు. ఇక్కడ ముల్లు అసలు ఉత్తరానికి బాగా కుడిపక్కకి ఒరిగి ఉంటుంది. ఆ తేడా తీసేయకుండా నడిస్తే, మనం వెళ్ళాల్సిన చోటికి బాగా కుడిగా ఎక్కడో తేలతాం. ఇక్కడికి కొత్తగా వచ్చిన మన సర్వేయర్లు చేసే మొదటి తప్పు అదే. "ముల్లుని నమ్మకు, ముందు తేడా తీసెయ్" అని లహరికి నూరిపోశాను.

ఆ పిల్ల బుద్ధిగా నేర్చేసుకుంది. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఏడాది తిరిగేసరికి ఆఫీసులో అందరి నోటా లహరి పేరే. డ్రోన్ ఎగరేయాలంటే లహరి. క్లయింటుతో నవ్వుతూ మాట్లాడాలంటే లహరి. నన్ను 'వసుంధర' అని పిలవడం నోరు తిరగక గ్రాహం ఇన్నేళ్ళుగా 'వాజ్' అంటాడు. లహరి పేరు మాత్రం మొదటి రోజే ముత్యంలా పలికాడు. ఆఫీసు బార్బెక్యూ విందుకి నేను పొద్దున్నే లేచి బొబ్బట్లు చేసి తీసుకెళ్తే డబ్బా నిండుగా అలాగే ఇంటికి వచ్చింది. ఆవిడ తెచ్చిన కోడి వేపుడు కోసం క్యూ కట్టారు. ఇవన్నీ ఒక ఎత్తు, ఆవిడ జడ ఒక ఎత్తు. నడుము దాటిన జడ. ఇక్కడి నీళ్ళకి నా జుట్టు సగం ఊడిపోయింది. ఆ పిల్ల జుట్టు ఇక్కడికి వచ్చాక ఇంకా ఒత్తుగా పెరిగింది. చెప్పుకుంటే నవ్వుతారు గాని, మీటింగులో ఆవిడ నా ముందు కూర్చుంటే నాకు స్క్రీన్ కనిపించేది కాదు, జడే కనిపించేది.

కుళ్ళు అంటారా? అవును, కుళ్ళే. ఇంకో పేరు పెట్టి ఏం చేసుకోను?

పోయిన శరదృతువులో, అంటే ఇక్కడి ఏప్రిల్ చలి మొదలయ్యే రోజుల్లో, మా ఆఫీసుకి పెద్ద పని వచ్చింది. జిప్స్‌లాండ్ కొండల్లో ఒక పాత పశువుల ఫారం, దాని వెనకంతా ప్రభుత్వ అడవి. రెంటి మధ్య సరిహద్దు తేల్చాలి. నెలల తరబడి సాగే పని. ఫీల్డ్ టీముకి ఒక పార్టీ లీడర్ కావాలి. ఆ కుర్చీ కోసం నేను ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నానో నా మనసుకి తెలుసు. గ్రాహం మాత్రం "మీ ఇద్దరిలో ఒకరు, ముందు ఆ మూల దొరకనివ్వండి, తర్వాత చూద్దాం" అన్నాడు.

మూల అంటే సరిహద్దు మలుపు తిరిగే చోటు. పాతకాలం సర్వేయర్లు ఇక్కడి అడవుల్లో అలాంటి చోట ఉన్న పెద్ద చెట్టుకి గొడ్డలితో బెరడు చెక్కేసి, లోపలి కర్ర మీద గుర్తు వేసేవారు. చెట్టు బతికి ఉంటే ఆ గాయం అంచుల నుంచి పెరుగుతూ మెల్లగా మూసుకుపోతుంది. నిలువుగా ఒక మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ ఉన్న చెట్టు దొరికితే మా పని సగం అయినట్టే. దొరకకపోతే ఎవరి గీత వారిదే, ఇక కోర్టులే.

ఆ రోజు నేను ఇంటి నుంచి తిన్నగా నా బండిలో వెళ్ళాను. లహరి, గ్రాహం ఆఫీసు యూట్‌లో, అంటే వెనక సామాన్లకి తొట్టి ఉండే బండిలో వచ్చారు. మంచు దిగి ఉంది, చలి కొరికేస్తోంది. లహరి చెవులదాకా ఉన్ని టోపీ లాక్కుని, జాకెట్ కాలర్ పైకి లేపుకుని కూర్చుంది. కిందికి దిగనైనా దిగలేదు, అద్దంలోంచే చెయ్యి ఊపింది.

"అక్కా, టిఫిన్ తిన్నారా? ఇడ్లీ ఉంది, ఎక్స్‌ట్రా తెచ్చాను."

"తిన్నాను" అన్నాను. తినలేదు.

గ్రాహం ప్లాన్ ఇలా చెప్పాడు. నేను కింద కంచె మూల నుంచి కొండ ఎక్కుతూ వెతకాలి. లహరి పైన అడవి రోడ్డు నుంచి దిగుతూ వెతకాలి. రేడియోలో మాట్లాడుకుంటూ ఉండాలి. అంటే ఎవరు ముందు చెట్టు దగ్గరికి చేరితే వాళ్ళదే కుర్చీ అని నాకు అర్థమైంది. వాళ్ళ యూట్ పై రోడ్డుకి వెళ్ళిపోయింది. నేను గేటు దాటి అడవిలోకి దిగాను.

చేతిలో జీపీఎస్ ఉంది. కాని ఆ చెట్లు మామూలు చెట్లు కావు. తలెత్తితే ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది, కింద మనిషికి రెండింతల ఎత్తు ఫెర్న్ చెట్లు. వాగు దాటేసరికి తెర మీద నా బాణం గుర్తు అటూ ఇటూ గంతులు వేయడం మొదలుపెట్టింది. నేను నిలబడి ఉంటే అది వాగు అవతల ఉన్నానంటుంది. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు, కొండ అడ్డం. జీపీఎస్ జేబులో పడేసి కంపాస్ తీశాను. పటం మీద కొలిచి పెట్టుకున్న దిశ కంపాస్ మీద తిప్పుకుని నడక మొదలుపెట్టాను.

నడుస్తున్నానే గాని మనసు అక్కడ లేదు. పైనుంచి దిగడం ఎంత సులువు, ఆవిడకి ఆ దారే ఎందుకు ఇచ్చాడు, ఆ ఇడ్లీలు గ్రాహంకి కూడా పెట్టి ఉంటుంది, ఇదే గొడవ లోపల. చెట్టు తర్వాత చెట్టు గురి చూసుకుంటూ, ఒక్కో చెట్టుకి నా నారింజ రంగు ప్లాస్టిక్ టేపు కట్టుకుంటూ పోయాను. తిరిగి వచ్చేటప్పుడు దారి తెలియడానికి మేమందరం అలా కడతాం. ఆ సీజనుకి నాది నారింజ, లహరిది గులాబీ.

కొంత ఎక్కాక గాజుల చప్పుడు వినిపించింది.

లహరి ఫీల్డ్‌కి కూడా మట్టి గాజులు వేసుకుని వస్తుంది. ఎన్నిసార్లు తిట్టినా మానదు. ఆ చప్పుడు నాకు నిద్రలో వినిపించినా గుర్తుపడతాను. తలెత్తి చూశాను. నాకు ఎడమపక్కన, కాస్త పైన, ఫెర్న్ చెట్ల మధ్య లహరి నడిచిపోతోంది. నారింజ రంగు సేఫ్టీ వెస్ట్, ఫీల్డ్‌లో పెట్టుకునే తెల్ల టోపీ, వీపు మీద ఆ జడ. మా ఇంటి గుమ్మం నుంచి ఎదురింటి గుమ్మం ఎంత ఉంటుందో అంత దూరం. మంచు పల్చగా ఉంది. పొరపాటు పడే అవకాశం లేదు.

నా ఒళ్ళు భగ్గుమంది. పైనుంచి రావలసిన మనిషి నా వైపు ఎలా వచ్చింది? తన దారి వదిలేసి, నా దారిలోకి దూరి, నాకంటే ముందు పోతోంది!

"లహరీ! ఏయ్, ఆగు! అది నా సైడు!"

తిరిగి చూడలేదు. నడక తొందర కూడా పెంచలేదు. ఒక కొమ్మ దగ్గర ఆగి చేతులు ఆడించి మళ్ళీ కదిలింది. గాజులు మళ్ళీ గలగలమన్నాయి.

నేను నా గీత వదిలేశాను. సర్వేయర్ అలా వదలకూడదు. దిశ పెట్టుకుని నడిచేటప్పుడు అడ్డం ఏమొచ్చినా గీత తప్పకూడదని లహరికి చెప్పిందీ నేనే. అయినా కంపాస్ మెడలో వేలాడేసుకుని, ఎడమపక్కకి తిరిగి, ఫెర్న్ ఆకులు రెండు చేతులతో తోసుకుంటూ దాని వెంట పడ్డాను.

అది ఆగిన కొమ్మకి గులాబీ రంగు టేపు కట్టి ఉంది. దాని ముడి చూస్తే చాలు ఎవరిదో చెప్పొచ్చు. మేమందరం రెండు సార్లు చుట్టి మామూలు ముడి వేస్తాం. లహరి మాత్రం మల్లెపూలు కట్టినట్టు మెలికపెట్టి బిగిస్తుంది. ఊడమన్నా ఊడదు. కోపం ఆపుకోలేక ఆ టేపుని కత్తితో కోసి నా ప్యాంటు జేబులో కుక్కుకున్నాను. నా దారిలో దాని గుర్తులేమిటి అనుకున్నాను. ముందు ఇంకో టేపు కనిపించింది, ఆ ముందు ఇంకోటి. వాటికి చెయ్యి పెట్టే తీరిక లేదు. దాన్ని దాటిపోవాలి, అంతే.

దాటలేకపోయాను. నేను పరిగెత్తినా, ఆయాసపడి ఆగినా, మా మధ్య దూరం అంతే ఉంది. అప్పుడు అది నాకు వింతగా తోచలేదు. వయసులో ఉంది, నడుస్తోంది, నాకేమో మోకాళ్ళ నొప్పి అనుకున్నాను. దానికీ కుళ్ళుకున్నాను.

కొండ భుజం మీదికి ఎక్కాక చదునుగా ఒక చోటు వచ్చింది. పెద్ద యూకలిప్టస్ ఒకటి అక్కడ ఒంటరిగా ఉంది. లహరి దాని వెనక్కి వెళ్ళింది. నేను రొప్పుతూ చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళాను. ఎవరూ లేరు. దాక్కోవడానికి పొద కూడా లేదు.

నా ముఖానికి ఎదురుగా చెట్టు మీద నిలువుగా మచ్చ ఉంది. రెండు వైపుల నుంచి బెరడు పెరిగి వచ్చి, మధ్యలో సన్నటి సందు మిగిలింది. వేలు పెడితే లోపల గొడ్డలి దెబ్బ నునుపు తగిలింది. మా మూల అదే.

రేడియో నొక్కాను. కొండ భుజం మీద కాబట్టి సిగ్నల్ శుభ్రంగా ఉంది. చెట్టు దొరికిందని చెప్పి, "లహరిని పిలువు, ఇక్కడే ఎక్కడో తిరుగుతోంది" అన్నాను.

గ్రాహం గొంతు అయోమయంగా వచ్చింది. "లహరి నా పక్కనే ఉంది వాజ్. మేమింకా రోడ్డు మీదే ఉన్నాం. పెద్ద మాను అడ్డం పడింది. ఉదయం నుంచి ఇద్దరం చెయిన్ సా పట్టుకుని దాన్ని కోస్తూనే ఉన్నాం."

వెనకే లహరి అరుపు వినిపించింది. "అక్కా! కంగ్రాట్స్ అక్కా! నాకు తెలుసు మీరే పడతారని!"

నేను చెట్టుకి ఆనుకుని కూర్చుండిపోయాను.  

కాసేపటికి వాళ్ళిద్దరూ పైనుంచి దిగి వచ్చారు. ఇద్దరి బట్టల నిండా రంపపు పొట్టు. గ్రాహం మచ్చ చూసి చిన్నపిల్లాడిలా గంతులేశాడు. లహరి చెమట తుడుచుకుంటూ ఉన్ని టోపీ తీసింది.

జడ లేదు. మెడదాకా కత్తిరించిన జుట్టు.

"ఎలా ఉంది అక్కా? నిన్న ఆఫ్టర్‌నూన్ చేయించాను. మెయింటైన్ చేయలేకపోతున్నా. సుధీర్ అయితే పొద్దున దాకా గమనించనే లేదు, టూ మచ్ కదా?"

నేను ఏమన్నానో నాకు గుర్తులేదు. బాగుంది అని ఉంటాను. దాని చేతులకి గాజులు కూడా లేవు. చెయిన్ సా పట్టుకోవాలి కాబట్టి ఉదయమే తీసి బ్యాగులో పెట్టానంది. గులాబీ టేపు చుట్ట అదే బ్యాగులో ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. నేనే అడిగి చూశాను. ఎందుకు అడుగుతున్నానో దానికి అర్థం కాలేదు.

తిరిగి దిగేటప్పుడు నేను ఎక్కిన దారినే దిగాం. కొంతదూరం ఒక్క టేపూ లేదు. నేను గీత వదిలిన చోటి నుంచి కిందికి నా నారింజ టేపులు వరసగా ఉన్నాయి. పైన చూసిన గులాబీవి ఒక్కటీ కనిపించలేదు. నా చివరి నారింజ టేపు దగ్గర గ్రాహం ఆగి, నా టేపుల వరస సాగిపోతున్న వైపు అలాగే చూశాడు. "ఇటు ఎందుకు పోతున్నావు? చెట్టు ఇటు కాదుగా" అన్నాడు.

కంపాస్ తీసి చూసుకున్నాను. దిశ పటం మీద ఉన్నది ఉన్నట్టే ఉంది. తేడా తీయలేదు. నిన్నగాక మొన్న కాకినాడ నుంచి దిగిన పిల్లలా, ముల్లుని నమ్మి, కుడిపక్కకి ఒరిగిపోతూ వచ్చాను. ఎవరికి నూరిపోశానో ఆ పిల్ల పక్కనే నిలబడి ఉంది. అది కంపాస్ వంక చూసింది, నా ముఖం వంక చూసింది, ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

గ్రాహం నా గీత వెంబడే నాలుగు అడుగులు ముందుకు వేసి, ఫెర్న్ ఆకుల్ని కర్రతో పక్కకి నెట్టి, చటుక్కున వెనక్కి వచ్చేశాడు. అక్కడ నేల లేదు. పూర్వం బంగారం కోసం తవ్విన గొయ్యి. చుట్టూ కంచె లేదు, పైనంతా ఆకులు కప్పేసి ఉన్నాయి. ఒక రాయి జారవిడిచాడు. చప్పుడు రావడానికి చాలాసేపు పట్టింది. అది నీళ్ళలో పడ్డ చప్పుడు.

నేను ఎడమపక్కకి తిరిగిన చోటు నుంచి ఆ గొయ్యి మా వరండా పొడవంత దూరం కూడా లేదు.

పార్టీ లీడర్ నేనే అయ్యాను. లహరి సేమ్యా పాయసం చేసి తెచ్చింది, కంపాస్ సంగతి ఈ రోజుకీ ఎవరికీ చెప్పలేదు. దాని మంచితనం చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది. కత్తిరించిన జుట్టు కూడా దానికి బాగానే నప్పింది.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. అక్కడి అడవుల్లో లైర్‌బర్డ్ అని ఒక పక్షి ఉంది, ఏ చప్పుడైనా విని అచ్చం అలాగే అరుస్తుంది. గాజుల చప్పుడు అదేనేమో అనుకున్నాను. కాని పక్షి టేపు కట్టదు. అంతకుముందు వచ్చిన సర్వేయర్లెవరైనా కట్టి ఉంటారనుకుందాం. మరి మిగతావి ఏమయ్యాయి? ఆ మల్లెపూల ముడి వాళ్ళకి ఎవరు నేర్పారు? మా ఆయనకి చెబితే పడీపడీ నవ్వాడు. "పగలూ రాత్రీ నువ్వు దాని గురించే ఆలోచిస్తావు, అడవిలో కనిపించదా మరి?" అన్నాడు. నిజమే అయి ఉండొచ్చు. నేను చూసింది నా బుర్రలోని లహరినే కావచ్చు, అందుకే జడతో కనిపించింది. అదీ కాదనను.

కాని కోసి తెచ్చిన ఆ టేపు ముక్క మా వంటింటి సొరుగులో, రబ్బరు బ్యాండ్ల పక్కన ఉంది. గులాబీ రంగు, మెలికపెట్టిన ముడి. ఒకసారి మా అమ్మాయి దాన్ని చూసి "మమ్, వాట్స్ దిస్ రబ్బిష్?" అని చెత్తబుట్టలో వేయబోతే దాని చేతిలోంచి లాక్కున్నాను. ఎందుకు అరిచానో దానికి అర్థం కాలేదు.

నాకు తెగని ప్రశ్న ఒకటే. ఆ ఉదయం మా అమ్మ గొంతుతో ఎవరైనా వెనక నుంచి పిలిచినా నేను ఆగేదాన్ని కాదు. దేవుడే ఎదురొచ్చినా, పక్కకి జరగండి స్వామీ, పనిలో ఉన్నాను అని నా గీత మీదే నడిచి తిన్నగా ఆ గోతిలో పడేదాన్ని. ఈ లోకంలో నా చేత గీత వదిలించగలిగేది ఒక్కటే, లహరి నాకంటే ముందు పోవడం. ఆ సంగతి అప్పటికి నాకే సరిగ్గా తెలియదు.

ఆ అడవిలో ఉన్నదానికి ఎలా తెలిసింది?